థేమ్సు నది

గోదావరిని చూచి పెరిగినవారికి థేమ్సు నది పొడవు వినిన నవ్వు వచ్చును. మన గోదావరి 1,465 కిలోమీటర్లు పారుచుండగా, థేమ్సు సుమారు 346 కిలోమీటర్లు మాత్రమే ప్రవహించును. గ్లాస్టర్‌షైరులో కెంబుల్ అను గ్రామము చెంత, ఒక పచ్చిక బయలున అది పుట్టినదని చెప్పుదురు. వేసవిలో అచ్చట తరచుగా నీటిచుక్క యైనను కానరాదు; ఒక రాయి మాత్రము జన్మస్థానమును తెలుపుచుండును. ఆక్స్‌ఫర్డు, రెడింగు, విండ్సరు పట్టణములను దాటి, లండను నడుమగా పోయి, ఉత్తర సముద్రమున కలియును. ఇంత చిన్న నది లోకప్రసిద్ధి నెట్లు గాంచెను?

సముద్రపు పోటువలననే యని నా యభిప్రాయము. దినమునకు రెండు మారులు పోటు వచ్చినపుడు నది నీరు వెనుకకు మరలి, లండనును దాటి టెడింగ్టను వరకు ఎగువకు సాగును. తెరచాపల కాలమున ఓడలు పోటుతో లోనికి వచ్చెడివి. పోటు తీయగానే సముద్రము చేరెడివి. క్రీ. శ. 50 ప్రాంతమున రోమనులు ఈ నదియొడ్డున లండను నగరమును నెలకొల్పిరి. 1611లో మచిలీపట్నమున వర్తకస్థానము నేర్పరచుకొనిన ఈస్టిండియా కంపెనీవారి ఓడలును ఈ పోటు నాశ్రయించియే రాకపోకలు సలిపినవి. మన తీరపు అద్దకపు వస్త్రములు ఆ రేవులలో దిగినవి.

అయితే మేలు చేసిన పోటే కీడునకును కారణ మయ్యెను. పందొమ్మిదవ శతాబ్ది నడుమ లండను జనసంఖ్య ఇరువది లక్షలు దాటెను. నగరపు మురుగంతయు నదిలోనే పడుచుండెను. పోటు తీసినపుడు దిగువకు పోయిన మురుగు, మరల పోటు రాగానే నగరమునకు తిరిగి వచ్చెడిది. ఆ నీటినే పలువురు త్రాగెడివారు. కలరా వేలకొలది ప్రాణములను బలిగొనెను. 1855లో శాస్త్రజ్ఞుడు మైకేల్ ఫారడే పడవపై పోవుచు, తెల్లని అట్టముక్కలను తడిపి నీటిలో విడిచెను. ఎండ కాయుచున్నను, అంగుళము లోతు దిగకమునుపే అవి కంటికి కానరాకపోయెను! ఆయన ఈ సంగతిని పత్రికకు వ్రాసినను, ఏలినవారు వెంటనే కదలలేదు.

1858 వేసవిలో ఎండలు మిక్కుట మయ్యెను. నది కంపు భరింపరానిదయ్యెను. పార్లమెంటు భవనము నదియొడ్డుననే యున్నది గదా! కిటికీ తెరలను సున్నపు క్లోరైడులో తడిపి వ్రేలాడదీసినను సభ్యులకు ఊపిరాడలేదు. ఏండ్ల తరబడి వాయిదా పడిన పని కొలది వారములలో చట్టరూపము దాల్చెను. పేదల చావులకు కదలని సభ దుర్వాసనకు కదలినది!

జోసెఫ్ బాజల్‌జెట్ అను ఇంజనీరు ఆ భారమును వహించెను. భూగర్భమున సుమారు 130 కిలోమీటర్ల పొడవున ఇటుకలతో పెద్ద కాలువలు కట్టించి, మురుగు నదిలో పడకమునుపే దానిని పట్టి, నగరమునకు తూర్పుగా దూరము కొనిపోయెను. అచ్చట దానిని నిలువచేసి, పోటు తీయు వేళ చూచి విడిచెడివారు. కలరా నీటివలన వ్యాపించునని డాక్టరు జాన్ స్నో 1854లోనే చూపెను. నాటి పెద్దలు పలువురు మాత్రము దుర్గంధమే రోగకారణమని తలచుచుండిరి. తలపు తప్పైనను కట్టడము ఫలించినది. 1866లో కలరా మరల వచ్చినపుడు అది ముఖ్యముగా కాలువలు పూర్తికాని తూర్పు పేటలనే పట్టినది. ఆ పిమ్మట లండనులో అది విజృంభింపలేదు.

కాని నగరమునకు తప్పిన బాధ నదికి తప్పలేదు. 1957లో జీవశాస్త్రజ్ఞులు లండను ప్రాంతపు థేమ్సును మృతనదిగా పేర్కొనిరి. పిదప మురుగును శుద్ధిచేయు కేంద్రములను మెరుగుపరుపగా, 1974లో ఒక సాల్మను చేప కనబడెను. నేడు ముఖద్వారమున సీలు జంతువులును నివసించుచున్నవి. పెద్దవానలకు పాత కాలువలు నదిలోనికి పొర్లుచుండుటచే, 25 కిలోమీటర్ల సొరంగమును త్రవ్వి, 2025లో పూర్తిగా వినియోగమునకు తెచ్చిరి. ఆ పొర్లుడు నీరు ఇప్పుడు సొరంగమున పడుచున్నది. బాజల్‌జెట్ కాలువలు నేటికిని పనిచేయుచునే యున్నవి.