నాలుగు శెనక్కాయలకి ఏడో వంతు నమ్మకం చాలు

పేకాటలో నాకు అన్నిటికంటే నచ్చేది గెలుపు కాదు. అప్పటిదాకా కిమ్మనకుండా కూర్చున్న మనిషి ఉన్నట్టుండి పందెం కాస్తాడు చూడండీ, ఆ క్షణం. "వీడి దగ్గర నిజంగా ముక్కుందా, ఊరికే బెదిరిస్తున్నాడా?" అని బుర్ర గిర్రున తిరుగుతుంది. చాలామంది ఈ ప్రశ్న దగ్గరే ఆగిపోయి, ఎదుటివాడి మొహంలోకి చూస్తూ కూర్చుంటారు. నన్నడిగితే ఆ ప్రశ్నే సరిగ్గా లేదు. అడగాల్సింది "వాడు అబద్ధమాడుతున్నాడా?" అని కాదు, "ఎన్నిసార్లకి ఒకసారి అబద్ధమాడితే నాకు గిట్టుబాటవుతుంది?" అని.

ఉదాహరణ లేకుండా ఇలా చెప్పుకుంటూ పోతే మేనేజర్ గారి స్లైడులా ఉంటుంది కాబట్టి ఒక ఆట చెప్తాను.

మాది రొళ్ల. మ్యాపులో చూస్తే మడకశిర ప్రాంతమంతా కర్ణాటకలోకి చొచ్చుకుపోయినట్టు ఉంటుంది, అందులో ఒక మూల మా ఊరు. సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఇంట్లోవాళ్ళకి లిమిట్ హోల్డెమ్ నేర్పించాను. డబ్బుల్లేవు, శెనక్కాయలతోనే ఆట (మా వైపు వాటికి కరువా!). తలా రెండు ముక్కలు మూసి ఇస్తారు, అందరికీ కలిపి ఐదు ముక్కలు మధ్యలో తెరుస్తారు. నాలుగుసార్లు పందెం. లిమిట్ ఆటలో పందెం ఎంతో ముందే ఖాయం. మేం మొదటి రెండుసార్లూ 2 కాయలు, తర్వాత రెండుసార్లూ 4 కాయలు అనుకున్నాం. అంతకు మించి కాయడానికి లేదు.

నాకు ఇస్పేటు ఆసు, కళావరు రాజు వచ్చాయి. చివరికి మిగిలింది నేనూ, మా చిన్నాన్నా. మధ్యలో డైమన్ రాజు, ఆఠీను 9, ఆఠీను 4, తర్వాత ఇస్పేటు 2. నేను కాస్తూ పోయాను, ఆయన ప్రతిసారీ "చెక్" అనడం, నేను కాయగానే అంతే వెయ్యడం. ఆఖరి ముక్క కళావరు 9. నేను ఇంకా నోరు తెరవకముందే ఆయన 4 కాయలు ముందుకి తోశాడు!

మధ్యలో అప్పటికే 21 కాయలున్నాయి, ఆయన 4 కలిపితే 25. నేను 4 పెడితే ఆ 25 గెలుచుకునే అవకాశం. అంటే ఏడుసార్లకి ఒకసారి, పక్కాగా చెప్పాలంటే 13.8 శాతం గెలిస్తే చాలు, నష్టం లేదు.

ఇప్పుడు ఆయన చేతిలో ఏముండొచ్చో లెక్కేద్దాం. 9 ఉండి అక్కడిదాకా వచ్చే చేతులు (ఆసు-9, రాజు-9, జాకీ-9, 10-9, 9-8) మొత్తం 34 రకాలు. 4ల జత, 2ల జత కలిపి ఇంకో 6. ఈ 40కీ నేను ఓడిపోతాను. రాజు-రాణి, రాజు-జాకీ 16 రకాలు, వీటిని నా ఆసు కొట్టేస్తుంది. ఐదు ఆఠీన్ల కోసం చూసి దొరక్క మిగిలిపోయిన చేతులు ఓ 20 అనుకుందాం. ఈ 36లో నాలుగింట ఒకటే పందెం కాస్తాడనుకున్నా 9. నలభై తొమ్మిదిలో తొమ్మిది, అంటే 18 శాతం. కావలసింది 14 కూడా కాదు కదా. కాబట్టి కాల్.

మరి రెయిజ్ ఎందుకు చెయ్యకూడదు? రెయిజ్ చేస్తే ఉత్త బెదిరింపులు పారిపోతాయి, నన్ను కొట్టే చేతులే ఎక్కువగా నిలబడతాయి. నిలబడినవాటిలో సగానికి పైగా నేను గెలవగలిగితేనే రెయిజుకి అర్థం. ఇక్కడ ఆ పరిస్థితి లేదు. అందుకే ఎక్కువా కాదు, తక్కువా కాదు, 4 కాయలు పెట్టాను.

చిన్నాన్న ముక్కలు తిప్పాడు. 10, 9. కాయలన్నీ దగ్గరికి లాక్కుంటూ "ఓడిపోయినాంక కూడా లెక్క కరెక్టే అంటావేం రా సామీ!" అన్నాడు. కరెక్టే మరి. ఏడింట ఆరుసార్లు ఓడిపోయే కాల్ కూడా సరైన కాలే కావచ్చు. కెనడాలో ఆల్బెర్టా యూనివర్సిటీవాళ్ళు ఇద్దరు ఆడే లిమిట్ హోల్డెమ్‌ని 2015లో దాదాపు పూర్తిగా పరిష్కరించేశారు. ఆ ప్రోగ్రాం పేరు సెఫియస్. 4,800 ప్రాసెసర్లు 68 రోజులు నడిపి తయారుచేశారు. అది ఎదుటివాడి మొహం చూడదు, అయినా దాన్ని దీర్ఘకాలంలో ఓడించలేం. అలాంటిది కూడా ఒక్కొక్క ఆటలో ఇలా ఓడిపోతూనే ఉంటుంది.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. పక్కనే కూర్చుని అంతా విన్న చిన్నాన్న కొడుకు రాత్రి మిద్దె మీద నన్ను పట్టుకున్నాడు. వాడికి ఆన్‌లైన్ రమ్మీ పిచ్చి. 2020 సెప్టెంబరులో ఆంధ్రాలో నిషేధించాక బండేసుకుని బోర్డరు దాటి, కర్ణాటకలో కూర్చుని ఆడి వచ్చేవాడు. 2025 ఆగస్టులో కేంద్రం చట్టం చేశాక పెద్ద యాప్‌లు డబ్బు ఆటలు ఆపేశాయి, వీడు ఎవరో పంపిన లింకు పట్టుకుని దొంగ యాప్‌లో పడ్డాడు. ఒక పంట డబ్బులు పోయాయి, పైన అప్పు. "అన్నా, యాభై వేలియ్యి. ఏడింట ఒక్కసారి గెలిస్తే చాలని నువ్వే అంటివి కదా, అంతా రాబట్టుకుంటా" అన్నాడు.

ఇదీ నేను ఊహించని పందెం. శెనక్కాయలతో కాసింది కాదు.

వాడికి కాగితం మీద ఇంకో లెక్క చూపించాను. అవే ముక్కలు, అదే చిన్నాన్న, మధ్యలో అవే 21 కాయలు. కాకపోతే ఆయన 4 బదులు 100 కాశాడనుకో. ఇప్పుడు నేను 100 పెట్టాలి, గెలిస్తే వచ్చేది 121. నాకు కావలసిన నమ్మకం 14 నుంచి 45 శాతానికి ఎగబాకింది. నా దగ్గరున్నది అదే 18. ముక్క ఒక్కటి కూడా మారలేదు, జవాబు మాత్రం తిరగబడింది. ఏడో వంతు చాలు అన్న ధైర్యం నా తెలివి వల్ల వచ్చింది కాదు, లిమిట్ వల్ల వచ్చింది.

"రమ్మీలో కూడా లిమిట్ ఉంది కదన్నా, ఎంత పోయినా 80 పాయింట్లే" అన్నాడు. నిజమే, చెయ్యి బాలేకపోతే 20 పాయింట్లతో మొదట్లోనే డ్రాప్ కూడా అవ్వచ్చు. రమ్మీలో నైపుణ్యం ఉందని సుప్రీంకోర్టు 1967లోనే, సికింద్రాబాదులోని ఒక క్లబ్బు కేసులో చెప్పింది. కానీ ఆ యాప్‌లో లిమిట్ ఒక్క ఆటకే. ఆటలెన్ని ఆడాలో ఎవరూ గీత గియ్యలేదు. రెండు నిమిషాలకొకటి, రాత్రంతా. ఒక్కో ఆటకి లిమిట్ ఉండి రాత్రికి లేకపోతే అది లిమిట్ కాదు.

మరి వాడికేం చెప్పాలి? పొమ్మంటే ఫోల్డ్. వాడు ఇంకోచోట, ఇంకా ఎక్కువ వడ్డీకి తెస్తాడు. చేతిలో యాభై వేలు పెడితే రెయిజ్. అందుకని పొద్దున్నే అప్పిచ్చినాయన దగ్గరికి ఇద్దరం వెళ్ళి, బాకీ నేనే నేరుగా కట్టి నోటు చింపించాను. ఆటకి ఒక్క రూపాయి లేదు, ఇంకోసారి కట్టేది లేదు, ఈ విషయం చిన్నాన్నకి వాడి నోటితోనే చెప్పాలి. వాడు తలూపాడు.

మళ్ళీ ఆడడని పూర్తి నమ్మకం ఉందా అంటే లేదు. ఏడో వంతు కంటే మాత్రం ఎక్కువే ఉంది. ఎంత పోతుందో ముందే గీత గీసుకున్నాను కాబట్టి నాకది చాలు.