జంతికల డబ్బా

ప్రియమైన మీకు,

పోయిన నెల ఉత్తరం రాలేదని అలిగి ఉంటారు. అమ్మాయి పురిటికొచ్చింది, మనవరాలు పుట్టింది. ఆ పిల్ల పగలంతా హాయిగా పడుకుని, రాత్రి పన్నెండు కొట్టగానే కళ్లు తెరుస్తుంది. ఇక నా నిద్ర సంగతి చెప్పాలా?

పోయిన వారం పేరంటానికి బయల్దేరుతూ పట్టు జాకెట్టు వేసుకోబోతే హుక్కు పడలేదు. ఇంట్లో అందరం బాలింత పథ్యమే తింటున్నాం, మరి ఈ ఒళ్లెక్కడిది? అప్పుడు గుర్తొచ్చింది జంతికల డబ్బా. రాత్రి రెండున్నరకు పిల్లను ఉయ్యాల్లో వేసి తిన్నగా దాని దగ్గరికే వెళ్లేదాన్ని. చిత్రమేమిటంటే, ఆ వేళ ఒక్కనాడూ మజ్జిగన్నం మీదికి మనసు పోలేదు.

నాలుక చాపల్యం అంటారా? నేనూ అలాగే తిట్టుకున్నాను. కానీ షికాగో విశ్వవిద్యాలయం వాళ్లు 2004లో ప్రకటించిన పరిశోధన ఒకటుంది. 12 మంది ఆరోగ్యవంతులైన కుర్రాళ్లను రెండు రాత్రులు నాలుగేసి గంటలు, మరోసారి పదేసి గంటలు పడుకోబెట్టి చూశారు. నిద్ర తగ్గినప్పుడు, కడుపు నిండిందని మెదడుకు కబురంపే లెప్టిన్ 18 శాతం తగ్గింది, ఆకలి రేపే గ్రెలిన్ 28 శాతం పెరిగింది. వాళ్లకు ఎక్కువగా మనసైందీ మిఠాయిలూ ఉప్పటి చిరుతిళ్లూ పిండివంటకాల్లాంటి వాటి మీదే. పన్నెండుగురు కొద్దిమందే, నిజమే. అయినా నా జంతికలకు అంతమంది సాక్షులు దొరికారని ఎంత ఊరటో!

"అయితే నోరు కట్టుకుంటే సరిపోతుందిగా" అని మీరు రాస్తారని తెలుసు. ఆ ముచ్చటా చూశారు. 2010లో వెలువడిన ఇంకో పరిశోధనలో పదిమంది లావుపాటివాళ్లకు రెండు విడతలుగా, రెండేసి వారాలు కొలిచి తక్కువ తిండి పెట్టారు. ఎనిమిదిన్నర గంటల పడకైనా, అయిదున్నర గంటలదైనా బరువు తగ్గింది దాదాపు మూడేసి కిలోలే. కాకపోతే నిద్ర చాలినప్పుడు అందులో కొవ్వు 1.4 కిలోలు, చాలనప్పుడు 0.6 మాత్రమే. మిగతా తరుగు కండ వగైరాలది. పస్తుండి కండ పోగొట్టుకోవడమా, నా వల్ల కాదమ్మా.

నాకు నచ్చింది మాత్రం 2022 నాటిది. ఆరున్నర గంటలైనా పడుకోని 80 మందిలో సగం మందికి తిండి ఊసెత్తకుండా నిద్ర పెంచుకోవడమెలాగో చెప్పి ఇంటికి పంపారు. మిగతా సగంతో పోలిస్తే వాళ్లు గంటా పది నిమిషాలకు పైగా ఎక్కువ పడుకున్నారు, రోజుకు 270 కేలరీల దాకా తక్కువ తిన్నారు.

ఇదంతా మావారికి చదివి వినిపించాను. పాపం, మూడింటి దాకా పిల్ల కాపలా తనదన్నారు. మూడు రాత్రులుగా నాకు మెలకువే లేదు. పొద్దున డబ్బా మూత తీస్తే అడుగున కాస్త పొడి, రెండు నువ్వుగింజలు ఉన్నాయి.

మీరు ఎన్నింటికి పడుకుంటున్నారో తప్పక రాయండి.

ఎప్పటిలాగే,
మీ నేస్తం