చీకటి పడేదాకా ఏం చేద్దాం?

కొండల్లో కాలినడక ప్రయాణమంటే రోజంతా నడవడమే అనుకుంటారు చాలామంది. నిజానికి నడక సగమే. మధ్యాహ్నం తర్వాత కొండల్లో వాన, గాలి ఎప్పుడు వస్తాయో తెలియదు గనుక పొద్దున్నే బయలుదేరి, రెండు మూడు గంటలకల్లా గుడారాలు చేరుకోవాలి. మే నెలలో హిమాచల్‌లో రాత్రి ఏడింటి దాకా వెలుతురుంటుంది. మరి ఆ నాలుగైదు గంటలు ఎలా గడపాలి?

2018 మే నెలలో మా సంఘ యౌవనస్థులు పన్నెండుమందితో కలిసి సార్ పాస్ అనే కనుమ దాటడానికి వెళ్ళాను. పార్వతీ నది ఒడ్డున ఉన్న కసోల్ గ్రామంలో మొదలైన నడక, సుమారు 13,800 అడుగుల ఎత్తున్న ఆ కనుమకు చేరుతుంది. సెల్‌ఫోన్లు పనిచేయని మొదటి గుడారం దగ్గరే మా పిల్లలకు ఏమీ తోచలేదు. ఒకరిద్దరు ఫోను ఆకాశంవైపు ఎత్తి అటూ ఇటూ తిరిగారు. తక్కినవారు దుప్పట్లు పరచుకోబోయారు.

"ఇప్పుడు పడుకోవద్దు" అన్నాడు మా గైడు. నిద్రలో శ్వాస నెమ్మదిస్తుందట. ప్రాణవాయువు తక్కువగా ఉండే ఎత్తుల్లో, చేరీ చేరగానే నిద్రపోతే తలనొప్పి పెరగవచ్చు. నీళ్ళు తాగుతూ, మెల్లగా తిరుగుతూ, కబుర్లాడుతూ శరీరాన్ని ఆ ఎత్తుకు అలవాటు చేయాలి. అక్కడ కాలక్షేపం కూడా ఆరోగ్య సూత్రమే!

అయితే వీపు మీద ఎనిమిది, పది కిలోల సంచి మోసేవాడు ఆట సామాన్లు తీసుకెళ్ళలేడు. మా సంఘంలోని ఒక పెద్దమ్మ బయలుదేరేటప్పుడు నాలుగు గవ్వలు నా చేతిలో పెట్టింది. వాటితో అష్టాచెమ్మా సాగింది. ఐదు గళ్ళు నిలువు, ఐదు గళ్ళు అడ్డం నేలమీద గీస్తే చాలు. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మ, బోర్లా పడితే అష్ట. ఇరవై ఏళ్ళ కుర్రవాళ్ళు ఎనిమిది పడ్డప్పుడల్లా చిన్నపిల్లల్లా కేకలు పెట్టారు.

మరునాడు మూడు పులులు, పదిహేను మేకలతో పులిజూదం గీశాం. గులకరాళ్ళే మేకలు. నేపాల్‌నుంచి వచ్చిన వంటమనిషి చాలాసేపు చూసి, నవ్వుతూ పక్కనే ఇంకో పటం గీశాడు. అది వాళ్ళ బాఘ్‌చాల్. అందులో నాలుగు పులులు, ఇరవై మేకలు. అతని భాష మాకు రాదు, మా భాష అతనికి రాదు. అయినా ఆ సాయంత్రం ఇద్దరు ముగ్గురం అతని పులుల నోట పడ్డాం.

అక్కడ కట్టెలు కొట్టి మంట వేయకూడదు. కనుక చీకటి పడ్డాక ఒక టార్చిలైటు మధ్యలో పెట్టుకుని కూర్చున్నాం. పాటలు, పొడుపు కథలు, చివర ప్రార్థన. తర్వాత నక్షత్రాలు. సప్తర్షి మండలంలో ముందున్న రెండు చుక్కల మధ్య దూరాన్ని ఐదు రెట్లు పొడిగిస్తే ధ్రువనక్షత్రం దొరుకుతుంది. చేయి చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు సుమారు పది డిగ్రీలు. గుంటూరులో ధ్రువనక్షత్రం నేలనుంచి పిడికిలిన్నర ఎత్తున ఉంటే, అక్కడ మూడు పిడికిళ్ళ ఎత్తున ఉంది. ఎంత ఉత్తరానికి వచ్చామో మా పిల్లలు పిడికిళ్ళతో కొలుచుకుని ఆశ్చర్యపోయారు.

మూడవ గుడారం దగ్గర, ఆటల్లో అందరికన్న ఉత్సాహంగా ఉండే తమ్ముడొకడు ఆటకు రాలేదు. అలిగాడేమో అనుకున్నారు కొందరు. ఒక చెల్లెలు మాత్రం, "అయ్యగారూ, వాడు గవ్వలు వేయనంటే ఏదో ఉంది, ఒకసారి చూడండి" అంది. వెళ్ళి చూస్తే విపరీతమైన తలనొప్పి, వాంతులు. తిండి సహించడం లేదు. ఎవరికీ చెప్పలేదు. చెబితే వెనక్కి పంపేస్తారని భయం. ఎత్తు పడనివారికి మొదటి మందు కిందికి దిగడమే. వెలుతురుండగానే గైడు, మరో యౌవనస్థుడు అతన్ని కింది గుడారానికి దింపారు. మరునాటికి కోలుకున్నాడు. అశ్రద్ధ చేస్తే అదే జబ్బు మెదడుకో, ఊపిరితిత్తులకో ఎక్కి ప్రాణం తీయగలదు.

ఆ సాయంత్రం ఎవరి దుప్పట్లో వారు ముడుచుకుని ఉంటే, అతని మౌనం ఎవరికి తెలిసేది? కలిసి ఆడుకునేవారికే రాని మనిషి లోటు కనబడుతుంది.

ప్రియ పాఠకులారా, మన ఇళ్ళలో కూడా సాయంకాలాలున్నాయి. తలా ఒక గదిలో, తలా ఒక ఫోనుతో గడిచిపోతున్నాయి. మన బిడ్డ నాలుగు రోజులుగా నవ్వడం లేదని, ఇంటాయన సరిగా తినడం లేదని మనకు ఎలా తెలుస్తుంది? ఈ సెలవుల్లో ఇంటిల్లిపాదీ కూర్చుని ఒక సుద్దముక్క తీసుకుని నేలమీద గళ్ళు గీయండి. గవ్వలు లేకపోతే చింతగింజలు ఒకవైపు అరగదీయండి. ఆటకు ఎవరు రాలేదో చూసి, ఓడినా గెలిచినా, ముందు వారి దగ్గరికి వెళ్ళండి.