భూదేవి చెవులకు కమ్మలు

ఆ మధ్య మా కాలేజీలో స్త్రీల రచనల మీద ఒక చిన్న సమావేశం జరిగింది. చివర్లో ఒక విద్యార్థిని లేచి, "మేడం, తెలుగులో నవ్వించిన ఆడవాళ్ళు ఎందుకింత తక్కువ?" అని అడిగింది. భానుమతి 'అత్తగారి కథలు' గురించి చెప్పాం. మా కదిరిలో పుట్టిన రమాప్రభ పేరు చెప్పాం. "ఆమె నోట మనం విన్న మాటలు రాసింది ఎక్కువగా మగవాళ్ళే కదా" అంది ఆ అమ్మాయి. మా దగ్గర జవాబు లేకపోయింది.

ఆ రాత్రి నిద్రపట్టక దొర్లుతుంటే గుర్తొచ్చింది, బంగారక్క. ఊరూరూ తిరిగి, వందలమంది ముందు నిలబడి, మొగుణ్ణీ ఊరి పెద్దనీ ఒకే గాటన కట్టి కడిగేసిన మనిషి. మనిషి కూడా కాదు, రంగులద్దిన మేకతోలు.

తోలుబొమ్మలాట చూడనివాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. రాముడు, సీత, హనుమంతుడు నిలువెత్తు బొమ్మలు. కథ మధ్యలో దూరే జుట్టుపోలిగాడు, వాడి పెళ్ళాం బంగారక్క, వాళ్ళిద్దరి మధ్యా చిచ్చుపెట్టే కేతిగాడు చిన్న బొమ్మలు. రాముడి మాటలకు పద్యాలూ పాటలూ కట్టి ఉంటాయి. వీళ్ళ మాటలు మాత్రం చాలావరకు ఏ ఊళ్ళో ఆ ఊరివి, అప్పటికప్పుడు పుట్టేవి. బూతు కూడా బాగానే ఉంటుంది. అమెరికన్ పరిశోధకుడు జొనాథన్ గోల్డ్‌బర్గ్‌బెల్ 1989లో ఈ ఆట మీద అచ్చయిన తన వ్యాసానికి, ఆట పగ్గాలు విదూషకుల చేతిలోనే ఉన్నాయనే అర్థం వచ్చే పేరు పెట్టారు. ఆడించేవాళ్ళు ఇంట్లో మరాఠీ, తెర వెనక తెలుగు మాట్లాడే సంచార కుటుంబాలు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట వాళ్ళ ఊరు. ఆడ బొమ్మలకు పాటా మాటా ఇచ్చేది ఆ ఇళ్ళ ఆడవాళ్ళే.

నాకు పదేళ్ళప్పుడు, 1980ల మొదట్లో, వానల్లేక విత్తనం వేరుశనగ కూడా తినేసిన ఏడు, మా ఊరివాళ్ళు విరాటపర్వం ఆడించారు. అది ఆడిస్తే వాన వస్తుందని మా సీమలో నమ్మకం. రెండు తెల్లపంచెలు ముళ్ళతో కలిపి తెర కట్టారు. సైరంధ్రి వేషంలో ఉన్న ద్రౌపది, కీచకుడు ఎంత వేధించినా, తానెవరో బయటపడకుండా అంతా దిగమింగాలి. ఆమె ఏడుపు ఇంకా చెవుల్లో ఉండగానే బంగారక్క ఊగుతూ వచ్చింది. ఈమెకు దాచుకోవాల్సిందేమీ లేదు.

"ఏమే, కూడేదే?" అన్నాడు పోలిగాడు.

"కూడు యాడిదిరా? బోరు ఏపిస్తానని నా కమ్మలు తీస్కపోతివి. రెండొందల అడుగులు దించితివి. నీళ్ళు రాకపాయె. భూదేవి చెవులకు కమ్మలు, నా చెవులకు చీపురుపుల్లలు!"

ఊరంతా గొల్లుమంది. మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని, కళ్ళమ్మట నీళ్ళు కారేదాకా నవ్వింది. ఆమె చెవుల్లో ఉన్నవి చీపురుపుల్లలే. మా నాయన లేచి ఇంటికి పోయినాడు. ఆ తర్వాత వాన వచ్చిందో లేదో నాకు గుర్తులేదు. అమ్మ నవ్వు గుర్తుంది.

చదువుకున్నాక నేనే ఆ నవ్వుకు సిగ్గుపడ్డాను. పితృస్వామ్యం గురించి పాఠాలు చెప్పే రోజుల్లో బంగారక్క నాకు ఎదురు సాక్ష్యంలా కనిపించేది. అనాకారిగా గీసిన బొమ్మ. పోలిగాడు కొడితే జనం నవ్వుతారు. ఆమె కోరికా నవ్వులాటే, ఆమె ఒళ్ళూ నవ్వులాటే. ఇందులో స్త్రీకి దక్కిందేమిటి అనుకునేదాన్ని. ఆ విమర్శ తప్పని ఇప్పటికీ అనను. కానీ నేను తెర మీది నీడనే చదివాను. తెర వెనక గొంతు ఎవరిదని అడగలేదు.

ఆ ఆదివారం ఊరికి పోయి అమ్మను అడిగాను. "బంగారక్క జ్ఞాపకముందామ్మా?"

అమ్మ చెవి తడుముకుని నవ్వింది. "ఆ కమ్మల మాట ఆయమ్మకు చెప్పింది నేనే గదా."

ఆట ఉన్న రోజు పొద్దున ఆ కుటుంబం ఆడవాళ్ళు ఇంటింటికీ గింజలకు వచ్చేవాళ్ళు. చంకలో బిడ్డతో ఒకామె మా వాకిట్లో నిలబడి మజ్జిగ అడిగింది. అమ్మ ఎత్తి పోసింది. చెవుల్లో పుల్లలు చూసి ఆమె ఏమైందని అడిగింది. అమ్మ చెప్పింది.

"అవ్వకు చెప్పుకోలేకపోయినావా?"

"నా కొడుకునే అంటావా అంటాది. ఈయమ్మయితే తెల్లారితే పొయ్యే మనిషి."

"భూదేవి మాట కూడా నువ్వు చెప్పిందేనా?"

"కాదు. అది ఆయమ్మదే. నేను ఏడ్చి చెప్తిని, ఆయమ్మ నవ్వొచ్చేట్టు చేసె."

నేను చాలాసేపు మాట్లాడలేదు. మేము భిక్ష అనుకున్నది ఆమెకు రచనలో సగం పని. పగలు గడప గడపకూ తిరిగి ఊరి ఆడవాళ్ళ కడుపులో మాట విని, రాత్రికి దాన్ని తోలుబొమ్మ నోట పలికించేది. ఇంట్లో అంటే దెబ్బలు తినాల్సిన మాటను ఊరి మధ్యలో అందరిచేతా నవ్వించి చెప్పేది. ఎవరన్నారని అడిగితే, బొమ్మ అంది.

2020లో నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావుకు పద్మశ్రీ వచ్చింది. సంతోషమే. కానీ రాత్రంతా ఆడించే ఊళ్ళు ఇప్పుడు తక్కువ. ఆ తోలుతోనే దీపాల బుడ్డీలు, గోడకు తగిలించే బొమ్మలు చేసి బతుకుతున్నారు. నేను చూసిన దుకాణంలో రాముడున్నాడు, చెట్టూ నెమలీ ఉన్నాయి. బంగారక్క లేదు. ఆమెను ఇంట్లో ఎవరు వేలాడదీసుకుంటారు? టీవీలో 2013లో మొదలైన 'జబర్దస్త్'లో చాలాకాలం పెళ్ళాం వేషం చీర కట్టిన మగవాడే వేశాడు. బంగారక్క మొరటుతనం అక్కడికి చేరింది. గడప దగ్గర విన్న మాట మాత్రం చేరలేదు.

ఆ అమ్మాయి ప్రశ్నకు ఇప్పుడు కొంత జవాబు దొరికిందనుకుని, నోటుపుస్తకం తీసి అమ్మను చివరిగా ఒకటడిగాను.

"ఆయమ్మ పేరేందిమ్మా?"

అమ్మ కొంచెంసేపు ఆలోచించింది.

"అడగలేదు పాపా. మజ్జిగ పోసి పంపిస్తి."