ముందు పెట్టె, తర్వాతే యంత్రం

రోచెస్టర్‌లో మా తెలుగువాళ్ల మధ్య ఈమధ్య తరచుగా వినిపిస్తున్న ప్రశ్న ఒకటుంది: "ఇంటి దగ్గర్నుంచి నెగెటివ్‌లు తెచ్చానండీ, ఏ స్కానర్ కొనమంటారు?" ఊళ్లో ఇల్లు అమ్మేశామని ఒకరంటారు. అమ్మానాన్నలు హైదరాబాద్ ఫ్లాటుకి మారుతూ బీరువా ఖాళీ చేస్తుంటే బయటపడ్డాయని ఇంకొకరంటారు. జార్జ్ ఈస్ట్‌మన్ కొడాక్ కంపెనీ పెట్టిన ఊరిది. ఇక్కడ ఉంటూ ఆ ప్రశ్నని తేలిగ్గా తీసుకోవడం నాకు చేతకాదు. అందుకే స్కానర్ పేరు చెప్పకుండా, ముందు పెట్టె చూపించమంటాను. నెగెటివ్‌ల సైజెంత, కలరా బ్లాక్ అండ్ వైటా, ఎన్ని ఉన్నాయి, ఏ స్థితిలో ఉన్నాయి? ఇవి తెలియకుండా కొన్న యంత్రం ఎంత ఖరీదైనదైనా, పెట్టెలో సగానికి పనికిరాకుండా పోవచ్చు.

నా పెట్టె సంగతే తీసుకుందాం. నాన్నగారు అమలాపురం దగ్గరి పల్లెలో హైస్కూలు మాస్టారు. మొదట్లో ఆయన చేతిలో ఉన్నది అగ్ఫా క్లిక్-3. 120 రీలు, రీలుకి పన్నెండు ఫొటోలు, ఒక్కొక్కటీ ఆరు సెంటీమీటర్ల చదరం. ఊటీలోని హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ వారి 'ఇందు' రీళ్లు, తూర్పు జర్మనీ నుంచి వచ్చే ఓర్వో రీళ్లు వాడేవారు. ఎనభైల చివర్లో యాషికా వచ్చింది. అక్కణ్ణుంచి దాదాపు అంతా 35 మిల్లీమీటర్ల కలరే. 1991 గోదావరి పుష్కరాలు, అక్కయ్య పెళ్లి, మామ్మ చివరి రోజులు అందులో ఉన్నాయి.

"ఆ నల్ల ముక్కలు అంత దూరం మోసుకెళ్లడం దేనికిరా, ఫొటోలు ఆల్బంలో ఉన్నాయిగా" అంది అమ్మ. ఆల్బంలో ఉన్న పాతవి నెగెటివ్ ఎంతుంటే అంతే కడిగించిన కాంటాక్ట్ ప్రింట్లు. పుష్కరాల నాటి కలర్ ప్రింట్లేమో వెలిసి ఎర్రబారాయి. చీకట్లో కవర్లలో ఉండిపోయిన నెగెటివ్‌లకి అంత నష్టం జరగలేదు. వాటిని చేతి సంచిలోనే పెట్టుకుని తెచ్చాను. ఎయిర్‌పోర్టు ఎక్స్‌రేకి భయపడాల్సింది కడగని రీళ్ల గురించి. కడిగేసిన ఫిల్ముకి దానివల్ల ఏమీ కాదు. చెకిన్ పెట్టెలో వేస్తే అది దారి తప్పడమే అసలు ప్రమాదం.

ఇంటి వాడకానికి ఎక్కువమంది కళ్లు పడేది ఎప్సన్ వీ600 లాంటి ఫ్లాట్‌బెడ్ స్కానర్ మీద. దాని అట్టపెట్టె మీద 6400 డీపీఐ అని ఉంటుంది. సెన్సర్ అంగుళానికి ఎన్ని చుక్కలు తీసుకుంటుందో చెప్పే అంకె అది. లోపలి లెన్స్ నిజంగా విడదీసి చూపగలిగే వివరం అంతకంటే చాలా తక్కువ. సన్న గీతలున్న పరీక్ష పటంతో చూసినవాళ్లకి తేలేది 1500 చిల్లర. వెయ్యి డాలర్లు దాటే వీ850 కూడా 2300 దగ్గర ఆగుతుంది. ఈ నిజమైన అంకెతో లెక్క వేసి చూడండి. 35 మిల్లీమీటర్ల ఫొటో వెడల్పు 36, ఎత్తు 24 మిల్లీమీటర్లు. వీ600 దాన్నుంచి రాబట్టేది సుమారు 3 మెగాపిక్సెళ్ల వివరం. పోస్టుకార్డు సైజుకి సరిపోతుంది, గోడకి సరిపోదు. అదే యంత్రంలో 120 నెగెటివ్ పెట్టండి. దాని బొమ్మ నిజానికి 56 మిల్లీమీటర్ల చదరం, అంటే దగ్గర దగ్గర 11 మెగాపిక్సెళ్లు. అంగుళానికి 300 చుక్కల లెక్కన పదకొండు అంగుళాల చదరం ప్రింటు నిక్షేపంగా వస్తుంది. క్లిక్-3 లాంటి సాదా కెమెరా లెన్సు ఆ ఫిల్ము మీద అంతకు మించిన వివరం వేసి ఉండదు. కాబట్టి నాన్నగారి పాత రీళ్లకి వీ600 చాలు, ఇంకా పెద్దది కొంటే డబ్బు దండగ.

వీ600 చాలని నాకు రుజువైంది కనుమ నాటి జగ్గన్నతోట ప్రభల తీర్థం రీలుతో. దేవుడి బొమ్మతో అలంకరించిన గంగలకుర్రు వెదురు ప్రభని భుజాలకెత్తుకుని కౌశిక నదిలోకి దిగుతున్న జనం. ఆల్బంలోని ప్రింటులో ఆ మనుషులు వట్టి మచ్చలు. స్కాన్‌ని తెరమీద పెద్దది చేస్తే నీళ్లలో ముందు వరసన కుడిపక్క భుజం ఆన్చినవాడు మా పెదనాన్నగారు. తలపాగా జారిపోతుంటే నోటితో కొస పట్టుకుని ఉన్నారు. ఆయన ప్రభ మోసేవారని ఇంట్లో అందరూ చెప్పుకునేవారు, చూసినవాళ్లం మా తరంలో ఎవరమూ లేము.

ఇక స్కానర్ల ప్రకటనల్లో గొప్పగా చెప్పే ఇంకో సౌకర్యం డిజిటల్ ఐస్. ఫిల్ము గుండా పరారుణ కాంతిని పంపి, అది ఎక్కడ అడ్డుపడిందో చూసి, ఆ చోట దుమ్మో గీతో ఉందని గుర్తించి పూడ్చేస్తుంది. మామూలు కలర్ నెగెటివ్‌లో బొమ్మ రంగుల్తో ఏర్పడుతుంది. ఆ రంగులు పరారుణ కాంతిని అడ్డుకోవు కాబట్టి అద్భుతంగా పనిచేస్తుంది. పాత బ్లాక్ అండ్ వైట్‌లో బొమ్మే వెండి. వెండి ఆ కాంతిని ఆపేస్తుంది. యంత్రం బొమ్మనే దుమ్మనుకుని చెరపడానికి చూస్తుంది. ఇందు, ఓర్వో రీళ్లు స్కాన్ చేసేటప్పుడు దాన్ని తప్పనిసరిగా ఆపేయాలి. ఇంట్లో ఉన్నవన్నీ బ్లాక్ అండ్ వైటే అయితే ఆ సౌకర్యం కోసం అదనంగా డబ్బు పెట్టకండి. ప్లస్‌టెక్ స్కానర్లలో 8100కీ 8200ఐకీ ముఖ్యమైన తేడా ఆ పరారుణ కాంతే.

ప్లస్‌టెక్ యంత్రాలు 35 మిల్లీమీటర్ల ఫిల్ముకే. 7200 డీపీఐ అంటారుగానీ నిజంగా ఇచ్చేది అందులో సగం. ఆ సగం కూడా వీ600కి రెట్టింపు పైనే. ఒక్కో ఫొటోకీ చేత్తో ముందుకి జరపాలి, అధమం నిమిషాల లెక్క. నాలుగైదు రీళ్లున్న ఇంటికి నేను నిస్సంకోచంగా చెప్పేది ఇదే. నైకాన్ కూల్‌స్కాన్ ఫిల్ము స్కానర్ల నాణ్యత ఇప్పటికీ మెచ్చదగ్గది. వాటి తయారీ ఎప్పుడో ఆగిపోయింది, పాడైతే బాగుచేసేవాళ్లు అరుదు. పాత యంత్రాలతో కుస్తీ పట్టే ఓపిక ఉన్నవాళ్లకే అది.

నా దగ్గర కలర్ రీళ్లు చాలా ఎక్కువ. అందుకని వాటికి కెమెరా దారి పట్టాను. ఇప్పటికే 24 మెగాపిక్సెళ్ల ఫుల్‌ఫ్రేమ్ కెమెరా ఉంది. నెగెటివ్‌ని అసలు సైజులో సెన్సర్ నిండా చూపగల మాక్రో లెన్స్ తోడైతే, పొడవునా 6000 పిక్సెళ్లు వస్తాయి, అంటే అంగుళానికి 4200 దాకా. క్లిక్ మనిపించడానికి క్షణం చాలు. రీలు మొత్తం ఒక కాఫీ తాగే వ్యవధిలో అయిపోతుంది.

అయితే కెమెరా, లెన్స్ మాత్రమే చూసి మిగతావి చవకలో కానిచ్చేవాళ్లని చూస్తుంటాను. ఫలితం అక్కడే చెడుతుంది. ఫిల్ము కింద వెలిగే దీపం ఫోను తెరైతే దాని పిక్సెళ్లు బొమ్మలో గళ్లుగా పడతాయి, రంగులూ సరిగా రావు. రంగుల్ని ఎంత నిజంగా చూపుతుందో చెప్పే సీఆర్ఐ అంకె 95కి తగ్గని లైట్ ప్యానెల్ కొనాలి. ఫిల్ముని చదునుగా పట్టి ఉంచే హోల్డరు కావాలి. కెమెరాని నిటారుగా కిందికి చూపే స్టాండు, చూడ్డానికి ఎలా ఉన్నా పర్వాలేదు, ఊగకూడదు. పాత ఎన్‌లార్జర్ నుంచి తల తీసేసిన స్తంభం చక్కగా పనికొస్తుంది. సెన్సరూ ఫిల్మూ సమాంతరంగా ఉన్నాయో లేదో తెలుసుకోడానికి చిన్న అద్దం ముక్క చాలు. ఫిల్ము ఉండే చోట అద్దం పెట్టి, లెన్స్ ప్రతిబింబం తెర నడిమధ్యలో కనబడేదాకా కెమెరా సర్దాలి. ఈ పని చేయకపోతే బొమ్మకి ఒక అంచు పదునుగా, ఇంకో అంచు మసగ్గా వస్తుంది. ఐఎస్ఓ 100, ఎపర్చర్ ఎఫ్ 8. గదిలో మిగతా దీపాలన్నీ ఆర్పేయాలి.

ఆ తర్వాతది రంగుల సంగతి, నా మనసంతా ఉన్నది ఇక్కడే. కలర్ నెగెటివ్‌కి నారింజ రంగు పొర ఉంటుంది. ఫిల్ములోని రంగుల్లో ఉండే లోపాలని సరిదిద్దడానికి తయారీలోనే పెట్టిన ఏర్పాటది. బొమ్మని తిరగేసేటప్పుడు దాన్ని సాఫ్ట్‌వేర్ తీసేయాలి. నెగెటివ్ ల్యాబ్ ప్రో డబ్బు పెట్టి కొనేది, డార్క్‌టేబుల్‌లోని నెగడాక్టర్ ఉచితం. రెండూ బాగానే ఉంటాయి. కానీ ఏదైనా సరే, ఒక్కో ఫొటోకీ రంగుల్ని తనంతట తానే సర్దేలా వదిలేస్తే మన పెళ్లి ఫొటోలు పాడైపోతాయి. అక్కయ్యని పెళ్లికూతుర్ని చేసిన ఫొటోలో పసుపు చీర, పసుపు రాసిన ముఖం, పసుపు బియ్యం, వెనక అరటి గెలలు. ఇంత పసుపు సహజం కాదనుకుని సాఫ్ట్‌వేర్ దాన్ని తగ్గిస్తుంది. మొహాలు నీలంగా పాలిపోతాయి. రీలులో బొమ్మ పడని ఖాళీ ఫిల్ముని ఒకసారి తీసి, ఆ నారింజ విలువనీ, బాగా కుదిరిన ఒక్క ఫొటో సర్దుబాటునీ రీలంతటికీ కట్టేయాలి. అప్పుడు పసుపు పసుపుగానే ఉంటుంది. అక్కయ్య ఒంటి రంగు ఆమె రంగులాగే ఉంటుంది.

ఇక్కడి శీతాకాలంతో ఇంకో తంటా. హీటర్ నడిచే ఇంట్లో గాలి ఎండిపోయి ఫిల్ముకి స్టాటిక్ పట్టుకుంటుంది. గదిలో ఉన్న దుమ్మంతా వచ్చి దానిమీదే వాలుతుంది. కెమెరా పద్ధతిలో పరారుణ శుద్ధి లేదు కాబట్టి ముందే దులుపుకోవాలి. హ్యుమిడిఫయర్ వేసి కాసేపాగి, చేతితో నొక్కే రబ్బరు బ్లోయర్‌తో ఊది, అప్పుడు మొదలుపెడతాను. నూలు తొడుగులు సరేసరి.

మా కోనసీమ తేమ చేసిన నష్టం వేరు. 1996 నవంబరు తుపానులో మా ఇంటి ట్రంకుపెట్టె తడిసింది. కొన్ని ముక్కలకి బూజు పట్టి జెలటిన్‌ని తినేసింది, సాలెగూడు లాంటి గీతలు మిగిలాయి. వాటిని నీళ్లతో కడగబోవద్దు. బూజు తిన్నచోట జెలటిన్ కరిగి బొమ్మ కొట్టుకుపోతుంది. కొన్ని కవర్లు తెరవగానే వెనిగర్ వాసన కొట్టాయి. ఎసిటేట్ ఫిల్ము కుళ్లుతుంటే వెలువడే ఎసిటిక్ ఆమ్లం వాసన అది. పక్కనున్నవాటికీ ఆ ఆవిరి తగిలి వేగంగా చెడతాయి. ఈ ఊళ్లోనే రోచెస్టర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఇమేజ్ పర్మనెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. వాళ్లు తయారుచేసే ఎ-డి స్ట్రిప్స్ కవర్లో పెడితే, ఆమ్లం పెరిగే కొద్దీ కాగితం నీలం నుంచి ఆకుపచ్చకీ పసుప్పచ్చకీ మారుతుంది. వాసన వచ్చినవాటిని వేరు చేసి, ముందుగా వాటినే స్కాన్ చేశాను. యంత్రం ఏది కొనాలో తేల్చుకోలేక నెలల తరబడి ఆగేవాళ్లు ఈ కవర్లని మటుకు ఆపొద్దు. ఉన్నదానితో వెంటనే కానివ్వండి.

ఫైళ్ల గురించి ఎక్కువ చెప్పను. కెమెరా రా ఫైలు అలాగే దాస్తాను. 16 బిట్ టిఫ్‌గా మార్చితే ఒక్కోటి 144 మెగాబైట్లు, అది కావలసినప్పుడే. ఫొటోల్లో ఉన్నవాళ్ల పేర్లు మాత్రం అమ్మ బతికుండగానే రాసుకోవాలి. వారాంతాల్లో వీడియో కాల్‌లో తెర చూపిస్తుంటే "ఆ వెనకున్నది మీ నాన్న పిన్ని, ముమ్మిడివరం ఆవిడ" అంటూ చెబుతుంది. అవన్నీ ఫైలులోనే రాసేస్తాను. నెగెటివ్‌లు స్కానయ్యాక పారేయను, ఆమ్లం లేని కవర్లలో చల్లగా, పొడిగా ఉంచుతాను.

ఇప్పుడు నా స్టాండూ లైటూ మా ఇంట్లో లేవు. డెబ్బైలలో ఇక్కడికి వచ్చి, ఇంజనీరుగా పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన ఇంటికి చేర్చాను. ఆయన పెట్టెలో నెగెటివ్‌లు లేవు, అన్నీ కొడాక్రోమ్ స్లయిడ్లు. తొలినాళ్లలో ఎవరింటి హాల్లోనో జరిగిన సంక్రాంతి బొమ్మల కొలువు, మంచులో పట్టుచీర మీద కోటు వేసుకున్న ఆయన భార్య. వీటికి మళ్లీ లెక్క వేరు. అట్ట ఫ్రేములో ఉంటాయి కాబట్టి నా హోల్డరు పనికిరాదు. తిరగేసే పని లేదు, నారింజ పొర లేదు. కానీ చీకటి భాగాలు చాలా దట్టంగా ఉంటాయి కాబట్టి ఇంకా గట్టి దీపం కావాలి. కొడాక్రోమ్‌లోని రంగు పరారుణ కాంతిని కొంత ఆపేస్తుంది, డిజిటల్ ఐస్ దానిమీద సరిగా పనిచేయదు. ఆ ఫిల్ము తయారీ 2009లో ఆగిపోయింది. కాన్సస్ రాష్ట్రంలో దాన్ని కడిగే చివరి ల్యాబూ 2010 చివర్లో రీళ్లు తీసుకోవడం మానేసింది. ఆయనకి స్లయిడ్ హోల్డరు తెప్పించాం, ఈ శనివారం మొదటి ట్రే మొదలుపెడుతున్నాం.