కటవారియా సరాయ్‌లో రహీం సాబ్

కటవారియా సరాయ్‌లో ఫుట్‌బాల్ చూసే కుర్రాళ్లకి గోల్ కన్నా ఆ గోల్ వెనకున్న ఆలోచన మీదే మక్కువ. ఒక పక్క ఐఐటీ, ఇంకో పక్క జేఎన్‌యూ, మధ్యలో ఎండ సరిగ్గా దిగని సందుల్లో అద్దె గదులు. పగలంతా గేట్ పరీక్షకి లెక్కలు చేసిన బుర్రలు రాత్రికి మ్యాచ్‌ని కూడా అలాగే విప్పి చూస్తాయి. మన గుంటూరు, కరీంనగర్ పిల్లలు చాలామంది క్రికెట్‌తో పెరిగి, ఇక్కడికొచ్చాక మలయాళీ, మణిపురి, బెంగాలీ రూమ్మేట్ల సావాసంతో ఫుట్‌బాల్‌లో పడ్డవాళ్లే.

2022 ప్రపంచ కప్ నెల మా మేడ మీది గది కిక్కిరిసి ఉండేది. అర్జెంటీనాని సౌదీ అరేబియా 2-1తో ఓడించిన రోజున కోచ్ హెర్వే రెనార్ డిఫెండర్లని గోల్ ముందు కాపలా పెట్టకుండా మైదానం మధ్యదాకా ముందుకు జరిపాడు. వెనకాల బోలెడు ఖాళీ. అర్జెంటీనా వాళ్లు ఆ ఖాళీ మీద ఆశపడి పరుగెత్తడం, ఆఫ్‌సైడ్‌లో చిక్కడం. మొదటి సగంలోనే వాళ్ల గోల్స్ మూడు చెల్లకుండా పోయాయి. డిసెంబర్ 18న ఫ్రాన్స్‌తో ఫైనల్లో అర్జెంటీనా కోచ్ స్కలోనీ డి మరియాని ఎడమవైపు దించాడు. మొదటి పెనాల్టీ అతని వల్లే వచ్చింది, రెండో గోల్ అతనే కొట్టాడు. ఫ్రాన్స్ కోచ్ డెషాంప్ సగం ఆట అయ్యేదాకా కూడా ఆగకుండా 41వ నిమిషంలోనే జిరూని, డెంబెలేని బయటికి పిలిచేశాడు. "జట్టులో పేరున్నవాళ్లని అందరి ముందూ కూర్చోబెట్టడానికి గుండె కావాలన్నా" అన్నాడు గుంటూరు కుర్రాడు. ఓడినా సరే, ఆ రాత్రి నాకు నచ్చిన నిర్ణయం అదే.

ఆ మాటల మధ్యే కోల్‌కతా కుర్రాడొకడు అడిగాడు: "రహీం సాబ్ మీ హైదరాబాద్ మనిషే కదా?" వాళ్ల తాతగారు చెప్పగా విన్నాడట. మన పిల్లలకి ఆ పేరు ఎవరూ చెప్పలేదు.

సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తికి బడిపంతులు. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకి కోచ్. ఆ జట్టు బొంబాయిలో రోవర్స్ కప్‌ని 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు గెలిచింది. 1951లో తొలి ఆసియా క్రీడలు ఢిల్లీలోనే జరిగాయి. ఇండియా గేట్ దగ్గరి నేషనల్ స్టేడియంలో ఇరాన్‌ని 1-0తో ఓడించి మనం బంగారు పతకం గెలిచాం. అప్పుడు కోచ్ ఆయనే. మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తుగా ఓడాం. హంగేరీ ఆట తీరు చూసి, సెంటర్ ఫార్వర్డ్ ముందే నిలబడిపోకుండా వెనక్కి దిగి ఆడే పద్ధతిని రహీం మన జట్టుకి పట్టించారు. 1956 మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాని 4-2తో ఓడించి ఒలింపిక్స్ సెమీస్‌కి చేరాం. ఆసియా నుంచి అంతదూరం వెళ్లిన మొదటి జట్టు మనదే. ఆ జట్టులో చాలామంది హైదరాబాద్ వాళ్లే.

ఆయన అసలు ఎత్తు 1962 జకార్తా ఆసియా క్రీడల్లో కనిపిస్తుంది. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా మనల్ని 2-0తో ఓడించింది. తర్వాత డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. ప్రపంచ కప్‌లో కూడా సబ్‌స్టిట్యూట్లు 1970లో గానీ రాలేదు; ఆట మధ్యలో మళ్లీ దెబ్బ తగిలితే బదులుగా ఇంకొకణ్ణి దించే వీలుండదు. గాయపడ్డవాణ్ణి ఇంకే కోచ్ అయినా పక్కన పెట్టేవాడు. రహీం మాత్రం అతన్ని సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకి పంపారు. జర్నైల్ సెమీస్‌లో గోల్ కొట్టాడు. సెప్టెంబర్ 4న ఫైనల్లో మళ్లీ అదే కొరియా ఎదురైంది. వాళ్లకి తెలిసిన జర్నైల్ వెనక నిలబడి అడ్డుకునేవాడు. ఈసారి వాళ్ల గోల్ మీదికే వచ్చాడు. పి.కె. బెనర్జీది ఒక గోల్, జర్నైల్‌ది ఒకటి, 2-1తో బంగారు పతకం. సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం, హైదరాబాద్ యూసుఫ్ ఖాన్ ఆ రోజు మైదానంలో ఉన్నారు. తొమ్మిది నెలలకి, 1963 జూన్ 11న, రహీం క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకి మళ్లీ బంగారం రాలేదు.

స్కలోనీ ఎత్తుని మా గదిలో ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ చూశాం. రహీం ఎత్తుని అలా చూసే వీల్లేదు. 1962లో మన ఇళ్లలో టీవీలు లేవు. ఉన్నది రేడియో, మర్నాటి పేపరు. 2024లో రహీం మీద తీసిన అజయ్ దేవగణ్ 'మైదాన్' వచ్చాక కొందరికైనా ఆయన పేరు తెలిసింది, సంతోషం. కానీ ఒక హిందీ సినిమా వచ్చేదాకా మనం ఎందుకు ఆగాలి? 2022 మార్చిలో మనోలో మార్కెజ్ కోచ్‌గా ఐఎస్‌ఎల్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ కూడా 2025లో ఢిల్లీకి తరలి పేరు మార్చుకుంది. ఇక హైదరాబాద్‌కి మిగిలింది ఆ పాత ఆట జ్ఞాపకమే.

ఫతే మైదాన్‌లో ఆ జట్ల ఆట కళ్లారా చూసిన పెద్దవాళ్లు హైదరాబాద్, సికింద్రాబాద్ ఇళ్లలో ఇంకా ఉన్నారు. మీ ఇంట్లో అలాంటి తాతయ్య ఉంటే ఈ ఆదివారమే పక్కన కూర్చోండి. ఎవరు ఎక్కడ నిలబడేవారో, బంతి ఎటు నుంచి ఎటు పోయేదో అడిగి ఫోన్‌లో రికార్డు చేయండి. ఆలస్యం చేయకండి.