శుక్రవారం సాయంత్రం – రెండు దారులు

పట్నానికి దగ్గరి దారి ఏదని అడిగితే కిలోమీటర్లలో జవాబు చెప్పేవాడు శుక్రవారం సాయంత్రం బండి తోలినవాడు కాదని నా అభిప్రాయం.

మాది చేవెళ్ళకూ శంకర్‌పల్లికీ నడుమ ఒక చిన్న పల్లె. రెండెకరాల్లో బంతి వేస్తాం. శుక్రవారం సెలవు కలిసివచ్చినప్పుడల్లా నేను ఇంటికి పోతాను. శనివారం ప్రాక్టికల్స్ ఉంటాయి గనుక ఆ సాయంత్రమే నాయన ట్రాలీలో పూలమూటల తోడుగా తిరిగి వస్తాను. ఆయన గుడిమల్కాపూర్ మార్కెట్‌కు, నేను హాస్టలుకు.

మాకు రెండు దారులు. చేవెళ్ళ మీదుగా పోతే మొయినాబాద్, అప్పా జంక్షన్, లంగర్‌హౌజ్. శంకర్‌పల్లి మీదుగా పోతే మోకిల, కోకాపేట, నార్సింగి. నాయనకు మొదటిదే అలవాటు. ఇరువైపులా వందలకొద్దీ ముసలి మర్రిచెట్లు. పగలు ఆ నీడలో పోతుంటే ప్రాణం లేచివస్తుంది. శుక్రవారం పొద్దుగూకితే మాత్రం కథ వేరు. పట్నంవాళ్ళ కార్లన్నీ ఫాంహౌసులకు ఎదురువస్తాయి. వాళ్ళు మా గాలికి వస్తుంటారు, మేము మా పూలు వాళ్ళకు అమ్మబోతుంటాం. ఇరుకు రోడ్డు మీద ఆ లైట్లు కండ్లలో కొడితే చెట్టేదో, టిప్పరేదో తెలియదు.

2025 నవంబరు 3న చేవెళ్ళ మండలం మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్, ఆర్టీసీ బస్సు ఢీకొన్నాయి. పోయినవాళ్ళలో పట్నంలో చదువుకునే పిల్లలు కూడా ఉన్నారు. అప్పటినుంచి అమ్మకు ఆ దారి పేరెత్తితే భయం. మేము మొయినాబాద్ దాటామని ఫోన్ చేసేదాకా అన్నం ముట్టదు.

తర్వాత కొన్ని వారాలకు మళ్ళీ శుక్రవారం ప్రయాణం పడింది. నేను ఫోన్‌లో మ్యాపు తీసి, "నాయనా, శంకర్‌పల్లి దిక్కు పోదాం. పన్నెండు నిమిషాలు కలిసొస్తది, అమ్మకు నిమ్మళం" అన్నాను. ఆయన మారుమాట లేకుండా బండి తిప్పాడు.

మోకిల దాకా హాయిగా సాగింది. కోకాపేట దగ్గరికి వచ్చేసరికి ఆఫీసులన్నీ ఒక్కసారి విడిచినట్టున్నాయి. ముందు కార్లు, వెనుక కార్లు, నడుమ మా బంతిపూలు. మ్యాపు చెప్పింది అబద్ధం కాదు. అది మేము బయలుదేరినప్పటి రోడ్డును చూసి చెప్పిన లెక్క. మేము చేరేసరికి రోడ్డు మారింది. నాలాగే ఇంకెందరు ఆ పన్నెండు నిమిషాలకు ఆశపడి వచ్చారో!

కోసిన పువ్వు కూడా శ్వాసిస్తుందనీ, ఆ శ్వాసలో వేడి పుడుతుందనీ నేను చదువుకున్నాను. ఆ రాత్రి తాటిపత్రి కింద మూటలో చెయ్యి పెట్టి చూశాను. జ్వరం వచ్చిన పిల్లవాడి ఒళ్ళులా ఉంది. నాయన ఆ ట్రాఫిక్‌లోనే దిగి తాటిపత్రి విప్పి, మూటల మూతులు వదులు చేశాడు. తెల్లవారి అడుగు మూటల పూలు నల్లబడి సగం ధరకే పోయాయట. ఆయన నన్నొక్క మాట అనలేదు. అంటే బాగుండుననిపించింది.

మళ్ళీసారి ఇంటికి పోయినప్పుడు తప్పు సర్దుకోవాలని పాఠం ఎత్తుకున్నాను: "కాంతి తక్కువ దూరం చూడదు నాయనా, తక్కువ కాలం పట్టే తొవ్వ పడతదని 1662లో ఫెర్మా అనే పెద్దమనిషి చెప్పిండు."

నాయన నవ్వాడు. "కాంతికేంరా! దాని నెత్తిన మూట లేదు, దానికి ఎదురుంగ టిప్పర్ రాదు. ఏ తొవ్వ అని అడుగుతున్నవ్ గని, ఎన్నింటికి పోవాలె అని అడగవేంది?"

నిజమే. నేను రెండు దారులనే చూశాను. మూడవది గడియారంలో ఉంది. ఇప్పుడు ఎండ తగ్గినాకనే పూలు కోస్తాం. అన్నం తిని రాత్రి తొమ్మిది దాటాక శంకర్‌పల్లి మీదుగానే బయలుదేరుతాం. అదే కోకాపేట, అదే నార్సింగి, బండి ఆగకుండా సాగిపోతుంది. పూలు చల్లగా చేరుతున్నాయి. అమ్మ వేళకు అన్నం తింటున్నది.

అయితే ఈ తేలికైన దారికీ ఒక వెల ఉంది. నన్ను హాస్టలు గేటు ముందర దించి నాయన మార్కెట్‌కు పోతాడు. తెల్లవారుజామున బేరం మొదలయ్యేదాకా ఆ మూటల పక్కనే, దోమల మధ్య, తువ్వాల కప్పుకొని ఒరుగుతాడు.

మొన్న పరీక్షలో ఫెర్మా సూత్రం అడిగారు. అతి తక్కువ కాలం అని రాశాను. ఎవరి కాలం అని ఎవరూ అడగలేదు.

– బి.యస్సీ. తృతీయ సంవత్సరం